రెండో ముద్ద

పలాస స్టేషన్లో మధ్యాహ్నం రైలు కోసం కూర్చున్నాను. ఒళ్ళో ప్రపంచ మతాల పుస్తకం. భార్య పోయిన దగ్గర్నుంచి అలాంటివే చదువుతున్నాను. పోయినవారికి ఏ దేశంలో ఏం చేస్తారో చెప్పగలను. ఆవిడకి మాత్రం నేనేమీ చేయలేదు. చేయాలని అనిపించలేదు.

పక్కనున్న బారువ ఊరి మనిషి రంగూన్ నుంచి, వాళ్ళ మాటలో 'రంగం' నుంచి, తిరిగొచ్చినవాడట. చద్దన్నం మూట విప్పి, తినకముందే ఒక ముద్ద దూరంగా పెట్టాడు.

"బర్మాలో బౌద్ధుల ఆచారమా?" అన్నాను, తెలిసినవాడిలా.

"కాదు బాబూ, కాకికి. రంగంలో నాతో మిల్లులో పనిసేసిన బర్మావోడు పోనాడు. ఆళ్ళ పద్ధతేటో నాకు తెల్దు. నాకు తెలిసింది ఇదొక్కటే."

"అతనికి చేరుతుందా?"

"ఏటో బాబూ. పెట్టకపోతే నాకు ముద్ద దిగదు."

నా పుస్తకం వైపు, తర్వాత నా మొహం వైపు చూశాడు. "తమరికి ఎవులైనా పోనారా?"

నేను పుస్తకం మూసేశాను. అతను ఇంకో ముద్ద చేసి మొదటిదాని పక్కన పెట్టాడు.

కాకి వచ్చి రెండూ తింది. నాకు ఏడుపు రాలేదు. రైలు వచ్చింది, ఎక్కాను.

ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే నా చెయ్యి రెండు ముద్దలు పక్కకు తీస్తుంది. ఒకటి ఆవిడకి. రెండోది, నేనెన్నడూ చూడని ఆ బర్మా మనిషికి.