ఆపరేషన్ అయినాక వచ్చిన కడుపు

కృపాకుమారికి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉందని పెద్దక్క అనే వాళ్ళత్త అంటుంది. ఎందుకు, ఎట్లా అని అడగకుండా ఒక్క పూటా ఉండలేదట. బుక్కరాయసముద్రం దగ్గరి పల్లెలో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పని ఆమెది. ఉడికిన గుడ్డులో పచ్చసొన చుట్టూ నల్లటి గీత ఎందుకొస్తుందని ఒకసారి సైన్సు టీచర్‌ను అడిగింది. ఆయన పాపం ఇంటికెళ్ళి చదువుకుని, మర్నాడు వంటగది దగ్గరికే వచ్చి చెప్పిపోయాడు.

ఆ ఏడాది ఎండలు ముదరకముందే, ఒకరోజు చారుకు తిరగమోత వేస్తుంటే ఆమెకు కడుపులో తిప్పింది. మర్నాడూ అంతే. ముట్టు కూడా రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మకు తొందరగానే ఆగిపోయింది కాబట్టి తనకూ అంతే అనుకుంది. వేరే అనుమానానికి తావెక్కడ? కొడుకు పుట్టినప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. వాడిప్పుడు తొమ్మిదో తరగతి. పెద్దమ్మాయి ప్రశాంతి అనంతపురం హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది.

ఫోన్లో మాటల మధ్య ప్రశాంతికి ఈ సంగతి చెప్పింది.

"అమ్మా, ఏమీ అనుకోవద్దు. ఒకసారి టెస్ట్ చేసుకో."

"ఆపరేషన్ అయింటే ఎట్లొస్తాదే?"

"ఎప్పుడో ఒకరికి వస్తాదంట. కోసిన ట్యూబు మళ్ళీ అతుక్కుంటాదంట. మా మేడమ్ చెప్పినారు."

కిట్టు తెచ్చి చూసుకుంటే రెండు గీతలు పడ్డాయి. మనసొప్పక ఇంకొకటి తెచ్చింది. అందులోనూ రెండే. భయం తర్వాత వచ్చింది. మొదట వచ్చింది ఆశ్చర్యం. కోసి కట్టేసిన దారి లోపల్లోపలే ఎప్పుడు కలిసింది? తాను బియ్యం కడుగుతుంటేనా, నిద్రపోతుంటేనా? తన ఒంట్లో తనకే తెలియకుండా ఇంత పని జరిగిందా?

సాయంత్రం విజయభాస్కర్ బేల్దారి పని నుంచి వచ్చి చేతుల సిమెంటు కడుక్కుంటున్నాడు.

"ఏమప్పా, నాకు కడుపైంది."

చెంబు అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. "ఆపరేషన్ అయింది కదా?"

"అయింది."

"మరెట్లా?"

"నేనూ అదే అడుగుతాండా. ఏం, నామీద అనుమానమా?"

అతను చెంబు కింద పెట్టి, "నీమీద కాదులే. ఆ ఆపరేషన్ మీద," అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పెద్దక్క మాత్రం చేతులు జోడించింది. "దేవుడు పంపించినాడు. ఉంచుకో."

"మరి ఆ పొద్దు ఆపరేషన్ చేయించుకోమని తొందర పెట్టింది నువ్వే కదత్తా?"

"అప్పుడు అప్పుడే, ఇప్పుడు ఇప్పుడే," అని పెద్దక్క లోపలికి వెళ్ళిపోయింది.

ఎదురింటి సువర్ణ చెవిలో వేరే దారి చెప్పింది. టౌన్లో మందుల షాపులో అడిగితే మాత్రలిస్తారట, మింగితే పోతుందట, ఎవరికీ తెలియదట. కృపాకుమారి అనంతపురం టవర్ క్లాక్ దగ్గర బస్సు దిగి ఒక షాపుకు వెళ్ళింది. అక్కడి మనిషి ఏమీ అడగకుండానే అట్టపెట్టె తీసి కాగితంలో చుట్టబోయాడు.

"అన్నా, నాకు పిల్లల ఆపరేషన్ అయింది. అయినా కడుపొచ్చింది. ఇది వేసుకోవచ్చా?"

"అందరూ వేసుకుంటాండారక్కా."

"రక్తం ఎక్కువ పోతే యాడికి పోవల్ల?"

అతను పక్క మనిషికి దగ్గుమందు ఇవ్వడంలో పడిపోయాడు. ఆమె ఆ పొట్లం ముట్టుకోకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి నడిచింది.

అక్కడి డాక్టర్ పద్మజ అంతా విని, మొదట రక్తపరీక్షకు, స్కానింగ్‌కు పంపింది. ఆపరేషన్ అయిన వాళ్ళకు గర్భం ఒక్కోసారి సంచిలో కాకుండా ట్యూబులోనే నిలుస్తుందని, అది పగిలితే ప్రాణం మీదికి వస్తుందని, అందుకే అదేమిటో తేలకుండా ఏ మాత్రా మింగకూడదని చెప్పింది. ఆ మాట వినగానే కృపాకుమారికి షాపువాడి పొట్లం గుర్తొచ్చింది.

స్కానింగ్‌లో గర్భం ఉండవలసిన చోటే ఉంది. ఇంకా తొమ్మిది వారాలు నిండలేదు.

"ఇప్పుడు నేను ఏమేం చేయొచ్చు మేడమ్?"

"ఉంచుకోవచ్చు. మీకు వయసుంది, రక్తం తక్కువగా ఉంది కాబట్టి జాగ్రత్తగా చూసుకుంటూ కాన్పు చేస్తాం. వద్దనుకుంటే ఇక్కడే తీయించుకోవచ్చు, ఇప్పుడైతే మాత్రలతోనే అవుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ కష్టం పెరుగుతుంది."

"కేసు కాదా?"

"కాదు. ఆపరేషన్ ఫెయిలైనా చట్టం ఒప్పుకుంటుంది."

"మా ఆయన సంతకం?"

"అక్కర్లేదు. మీదొక్కటే చాలు. మీ పేరు కూడా బయటికి పోదు."

"కని, పెంచలేకపోతే?"

"ప్రభుత్వం నడిపే శిశుగృహకు అప్పగించవచ్చు. చట్ట ప్రకారమే దత్తతకు ఇస్తారు. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. ఆసుపత్రి దగ్గర ఎవరైనా వచ్చి మేం పెంచుకుంటామంటే మాత్రం ఇవ్వకూడదు."

"ఇది పాపమా మేడమ్?"

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "అది నేను తేల్చేది కాదమ్మా. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి."

మర్నాడు పొద్దున్నే విజయభాస్కర్ ఆమెను మోపెడ్ మీద టౌనుకు తీసుకొచ్చాడు. దారిలో బొరుగుల ఉగ్గాని అమ్మే బండి దగ్గర ఆగారు. అతను తన ప్లేటులోని బజ్జీ కూడా ఆమె ప్లేటులో వేశాడు.

"నీ మనసులో ఏముండాది, చెప్పప్పా," అంది ఆమె. "డాక్టరమ్మ చెప్పినవన్నీ నీకూ చెప్తి కదా."

"ఏముంటాది," అన్నాడు అతను. "గోడ కడతా కడతా పేరు అనుకున్యా."

ఆమె తినడం ఆపింది. "ఏం పేరు?"

"కిరణ్. ఆడపిల్లకైనా మగపిల్లోడికైనా సరిపోతాది."

ఆమెకు కళ్ళు నిండాయి. ఆ పేరు తనకూ నచ్చింది. అదే ఆమెను కలవరపెట్టింది. నచ్చింది కదా, మరి వద్దని ఎందుకనిపిస్తోంది? తనను తనే అడుగుతూ పోయింది. కొడుకు కాన్పప్పుడు రక్తం లేక పడిన పాట్లు గుర్తొచ్చాయి. అవి కాసేపు పక్కన పెట్టి చూసింది. అప్పటికీ జవాబు మారలేదు. మళ్ళీ పసిబిడ్డ తల్లి కావాలని ఆమెకు లేదు. అంతే. దానికి ఇంకో కారణం దొరకలేదు.

"నాకు వద్దప్పా," అంది.

అతను ప్లేటు వైపే చూస్తూ తలూపాడు. "నీకు వద్దంటే వద్దు. నాకు కొన్నాళ్ళు బాధుంటాది. ఉండనీ."

ఆసుపత్రిలో మొదటి మాత్ర ఇచ్చి, తర్వాతి వాటికి మళ్ళీ రమ్మన్నారు. రక్తం ఎంతవరకు పోతే మామూలో, ఎంత పోతే వెంటనే పరుగెత్తుకు రావాలో నర్సు చేత రెండుసార్లు చెప్పించుకుంది. రెండో విడత మాత్రలకు వచ్చిన నొప్పి కాన్పు నొప్పంత లేదు గానీ, అనుకున్నంత తక్కువా లేదు. ప్రశాంతి వచ్చి పక్కనే కూర్చుంది. పెద్దక్క రెండు రోజులు ఆమె దగ్గరికి రాలేదు. మూడోనాడు రాగి సంగటి కలిపి తెచ్చి, "తిను," అని ముందర పెట్టింది. కృపాకుమారి తిన్నది. ఏడుపు వచ్చినప్పుడు ఏడ్చింది. ఎందుకొస్తోందో ఈసారి ఎవరినీ అడగలేదు.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు స్కానింగ్ చేసి అంతా శుభ్రంగా ఉందన్నారు. ఇక కడుపు రాకుండా ఏం చేయాలని ఆమె అడిగితే, కాపర్ టీ వేయొచ్చని, మగవాళ్ళకు చేసే ఆపరేషన్ ఇంకా సులువని డాక్టర్ చెప్పింది. గుమ్మం దగ్గర నిలబడిన విజయభాస్కర్ లోపలికి వచ్చాడు.

"మేడమ్, అది చేయించుకుంటే బరువులెత్తొచ్చా?"

"కొన్నాళ్ళు ఆగి ఎత్తొచ్చు."

"మరి అది కూడా అతుక్కుంటాదా?"

డాక్టర్ నవ్వి, చాలా అరుదని చెప్పి, కుర్చీ చూపించింది. అతను కూర్చున్నాడు. ఇంకా చాలానే అడిగాడు. కృపాకుమారి ఆ రోజే కాపర్ టీ వేయించుకుంది. అతని ఆపరేషన్ ఇంకా కాలేదు. బెంగళూరులో కట్టడానికి ఒప్పుకున్న ఇల్లు ఒకటి పూర్తయ్యాక చేయించుకుంటానంటున్నాడు.