కోకాపేట తిమింగలం

మా ఆనందరావు కోకాపేటలో తిమింగలాన్ని పెంచాడు. మా అపార్టుమెంటులోనే, కార్లు పెట్టుకునే సెల్లారు కింద, నీళ్ళ ట్యాంకులో. మధ్యాహ్నంపూట అది గొంతెత్తితే పై అంతస్తుల దాకా వినబడేది.

సరే, తిమింగలం అనడం కొంచెం ఎక్కువైందేమో. అబద్ధాలాడకూడదని కాన్వెంటులో సిస్టర్లు నాకు చాలా ఓపికగా నేర్పారు. ఆడిన వెంటనే సగం వెనక్కి తీసుకోవడం వరకే నాకు అబ్బింది. కాబట్టి తిమింగలాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ట్యాంకూ, అందులోంచి వచ్చిన గొంతూ మాత్రం నిజం.

ఆనందరావుకి ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఏ చప్పుడు వినబడినా దానికి చెవి ఆనించి మూడు కారణాలు చెప్పందే వదలడు. విశాఖపట్నంలో సర్వే ఓడ మీద ఉద్యోగం చేశాడు. సముద్రంలోకి మైకులు దించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడమే పని. రిటైరయ్యాక కూతురు రూబీ దగ్గరికి, మా ఎదురు ఫ్లాటుకి వచ్చేశాడు. సముద్రం మాత్రం చెవుల్లోనే ఉండిపోయింది.

"ఏవండీ, కుక్కరు ఎన్ని కూతలేసింది?" అని ఆయన భార్య ఎస్తేరు అడుగుతుంది.

"కూతని మనం అనుకుంటున్నాం ఎస్తేరూ. దానికి మూడు కారణాలుండొచ్చు..."

మూడో కారణం పూర్తయ్యేసరికి పప్పు మాడుతుంది.

నేను ఆయన దగ్గర కూర్చునేది సముద్రం కబుర్ల కోసం. "సముద్రం నిశ్శబ్దంగా ఉంటుందని ఎవరన్నారండీ?" అనేవాడు. "లోపల చిట్టి రొయ్యలు చిటికెలేస్తుంటే పోపు చిటపటలాడినట్టుంటుంది. ఎక్కడో మంచుకొండ పగిలితే వేల కిలోమీటర్ల అవతల వినబడుతుంది. ఏ జంతువు అరిచిందోనని జనం ఏళ్ళ తరబడి బుర్రలు బద్దలు కొట్టుకున్నారు కూడా. అగ్నిపర్వతాలు గొణుగుతాయి. తిమింగలాలు, ఎవరైనా ఉన్నారా అని పిలుస్తాయి."

"వీటిలో ఏదీ కాకపోతే?"

"హెడ్‌ఫోన్లు తీసేసి టీ తాగేవాళ్ళం."

"అదెందుకు?"

"అవతలిది కూడా మనల్ని వింటోందేమోనని."

ఇలాంటి మాట చెప్పి, హాయిగా జంతికలు నములుతాడు.

ఆషాఢంలో ముసురు పట్టింది. మబ్బు దిగి మా టవరు పై సగాన్ని మింగేసింది. కిటికీలోంచి చూస్తే ఎదుటి టవర్లు లేవు, ఔటర్ రింగ్ రోడ్డు లేదు, తెల్లటి శూన్యం. అలాంటి ఒక మధ్యాహ్నం, చేతులు కడుక్కుంటుంటే, మా వాష్‌బేసిన్ కన్నంలోంచి మూలుగు వచ్చింది.

ఊఁ... ఊఁ... అంటూ అడుగు నుంచి మొదలై, చాలా దూరంలో ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు సాగి, పైకి పోతూ పోతూ మధ్యలో విరిగిపోయింది. నా చేతుల మీద సబ్బు నురగ అలాగే ఉండిపోయింది.

ఎదురింటి తలుపు ధడాలున తెరుచుకుంది. "నాన్నా! మీటింగులో వాళ్ళు, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారు!" అని రూబీ కేక. నేను వెళ్ళేసరికి ఎస్తేరు వంటింటి సింకు ముందు మోకరించి, "ప్రభువా, ఈ సింకును కాపాడు" అని ప్రార్థన చేస్తోంది. ఆనందరావు బాత్రూం బేసిన్‌లో తల పెట్టి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. కాసేపటికి లేచి, చెంచాతో పైపు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. టంగ్.

మూలుగు ఠక్కున ఆగింది.

"ఏం చేశారు?" అన్నాను. 

"జవాబిచ్చానండీ."

అప్పటినుంచి అది రోజూ వచ్చేది. ఈయన చెంచాతో కొట్టేవాడు. ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి రెండు. అది ఆగేది, ఆలోచించుకున్నట్టు కాసేపు ఊరుకుని మళ్ళీ పిలిచేది. పునాదులకి బండలు పేల్చినప్పుడు కింద ఏదో నిద్ర లేచిందని లిఫ్టులో అనుకునేవారు. పిల్లలకి బకెట్టు స్నానాలొచ్చాయి. షవరు కింద నిలబడే ధైర్యం పెద్దలకే లేదు మరి.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు రవికిరణ్ సాఫ్ట్‌వేర్ మేనేజరు. దయ్యమైనా సరే, ముందు దానికి ఫిర్యాదు టికెట్ నంబరు ఇస్తాడు. "ఇది హై ప్రయారిటీ అంకుల్. స్టాఫ్‌లోనే ఎవడో ఆడుకుంటున్నాడు. దొరికితే ఆ పూటే ఉద్యోగంలోంచి పీకించేస్తా" అని, ఆనందరావునీ నన్నూ వెంటబెట్టుకుని సెల్లారుకి బయల్దేరాడు.

సెల్లారులో లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. ఒక మూల, మరమ్మతు కోసం ఖాళీ చేసిన, మంటలార్పే నీళ్ళ ట్యాంకు. పైపులు పైకి పోయే నిలువు గూడు దాని పక్క నుంచే మొదలై, ప్రతి బాత్రూం వెనక నుంచీ వెళ్తుంది. మేం దగ్గరికి వెళ్ళామో లేదో, గోడ లోపలి నుంచి లేచింది ఆ గొంతు. పైన విన్నది దాని నీడ మాత్రమే. ఇక్కడ చెప్పుల్లోంచి కాళ్ళలోకి ఎక్కింది.

ఆనందరావు గోడకి చెవి ఆనించాడు. చెంచా తీసి పైపు మీద గబగబా మూడు కొట్టాడు. నిశ్శబ్దం.

"ఏంటి అంకుల్ అది?" రవికిరణ్ గుసగుస.

"మూడు కారణాలుండొచ్చు బాబూ. ఒకటి, ఖాళీ పైపులో గాలి. రెండు, ఎక్కడో మోటారు అదురు."

"మూడు?"

ఆనందరావు అతని వంక జాలిగా చూశాడు. "మూడోది చెప్పను. నీకు చిన్న పిల్లలున్నారు."

రవికిరణ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "రేపు పొద్దున ట్యాంకులోకి కెమెరా వాళ్ళని దింపుతా" అని లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కేశాడు.

నేనూ అతని వెనకే పరుగెత్తేవాణ్ణే. చెప్పు ఒకటి ఊడిపోతే వెతుక్కోవడానికి ఆగాను. అందుకే చూడగలిగాను. ఆనందరావు చెంచాతో రెండు కొట్టాడు. ట్యాంకు మూత మెల్లగా లేచింది. చీకట్లోంచి ముందు వంకర తిరిగిన పొడుగాటి ఇత్తడి మెడ ఒకటి పైకొచ్చింది. దాని వెనక మా పార్కింగ్ గార్డు మొగిలి తల.

"పోయిండా సార్?" అన్నాడు మొగిలి.

ఆ ఇత్తడి మెడ కొమ్ము బూర. మొగిలి నా కాళ్ళ మీద పడబోయాడు. "పెద్దసారూ, జర ఎవ్వలకు చెప్పకున్రి. ఆదివారం మా ఊర్ల ఎల్లమ్మ బోనాలు. బోనం లేస్తే ముందుగాల కొమ్ము ఊదేది మా ఇంటోళ్లే. మా నాయినకు ఇగ దమ్ము సాల్తలేదు. నాకు రాకపోతే మా వంతు వేరేటోళ్లకు పోతది. మా నాయిన ఆ మాట తట్టుకోడు సార్."

"మీ గదిలో ఊదుకోవచ్చుగదయ్యా?"

"మూసాపేటల రూం సార్. ఒక్కపారి ఊదిన. ఓనరు సామాను బయటేసిండు."

నేను ఆనందరావు వైపు తిరిగాను. "మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటిరోజు నుంచీ తెలుసండీ. అది మధ్యమధ్య ఊపిరి తీసుకుంటోంది. మంచుకొండ ఊపిరి తీసుకోదు. మోటారు తీసుకోదు. తిమింగలం తీసుకుంటుందనుకోండి, కానీ బీడీ తాగినట్టు దగ్గదు." ఆ సాయంత్రమే కిందికొచ్చి పట్టుకున్నాడట. "నాకు కొమ్ము ఊదడం రాదు. శబ్దం ఎక్కడ విరుగుతోందో మాత్రం తెలుసు. ఒక దెబ్బ కొడితే తప్పు. రెండు కొడితే బాగుంది, భయం లేదు. మూడు కొడితే ఎవరో వస్తున్నారు."

"ఊరంతా హడలి చస్తుంటే మంచుకొండలూ అగ్నిపర్వతాలూ అంటూ తిరిగారా!"

"మరి ఉన్న కారణం చెబితే వీడి ఉద్యోగం పోదూ?"

మర్నాడు కెమెరా వాళ్ళు దిగేసరికి మొగిలి నా కారు వెనక సీట్లో ఉన్నాడు. సర్వీసు రోడ్డు పక్కన, అద్దాలన్నీ ఎత్తేసుకుని ఊదించాం. ఆనందరావు డాష్‌బోర్డు మీద చెంచాతో కొట్టేవాడు. ఎక్కువగా ఒకటే. చివరి పెద్ద ఊదులో గొంతు ఎప్పుడూ విరిగిపోయేది. విరిగిన గొంతుతోనే మొగిలి శనివారం బస్సెక్కాడు. ఎస్తేరు పులిహోర కట్టిచ్చింది. "మీ అమ్మవారితో నాకు పనిలేదు నాయనా, ఖాళీ కడుపుతో మాత్రం ఊదకు" అంది. ట్యాంకులో ఏమీ దొరక్క, రవికిరణ్ టికెట్ మూసేశాడు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లోనే నా భోజనం. ముసురు అలాగే ఉంది. రూబీ పెరుగు వడ్డిస్తుంటే, బేసిన్‌లోంచి మొదలైంది.

ఊఁ... అడుగు నుంచి లేచి, సాగి, పైకి, ఇంకా పైకి వెళ్ళింది. ఎక్కడా విరగలేదు. రూబీ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ట్యాంకుకి తాళం. మొగిలి వరంగల్ అవతల ఉన్నాడు.

ఫోను మోగింది. డప్పుల హోరులోంచి మొగిలి అరుస్తున్నాడు: "సార్! ఇప్పుడే ఊదిన సార్! ఒక్కకాడ ఇరగలే! మా నాయిన ఏడుస్తుండు, నవ్వుతుండు!"

ఆనందరావు ఫోను పెట్టేసి, బేసిన్ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చెవి ఆనించి నిలబడ్డాడు. కారణాల కోసం ఎదురుచూశాం. ఆయన చెంచా తీసి, పైపు మీద మెల్లగా రెండు కొట్టి వచ్చి కూర్చున్నాడు. "అన్నం చల్లారిపోతోంది, తినండి" అన్నాడు.

నిన్న ఇదంతా రాసి ఆయనకి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పచ్చి అబద్ధం. మొగిలి ఎవరో నాకు తెలీదు. కొమ్ము బూరనేది నేను జన్మలో చూళ్ళేదు. ఆ ఆదివారం మేం చర్చి నుంచి అటే రైలెక్కి భీమిలి వెళ్ళాం. అయినా నేను శబ్దాలు వినడమేంటండీ, నాకు పుట్టుచెముడు!"