శ్రుతి తగ్గిందన్నాను

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు మాటలు. కానీ హెడ్‌ఫోన్స్ చెవులకు పెట్టుకున్నప్పుడల్లా ముందు అదే వినపడుతుంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల దశకం మొదట్లో తాడేపల్లిగూడెంలో మా ఇంటి వెనక గదిని స్టూడియో చేశాను. గోడలకు ఏలూరు తివాచీలు, తలుపుకి పాత బొంత, మధ్యలో ఒక మంచి మైకు. పక్కనే రైసుమిల్లు. అది మధ్యాహ్నం భోజనాలకని ఆగే గంటసేపే నాకు నిశ్శబ్దం. ఫ్యాను కూడా ఆపేసి, చెమటలు కక్కుతూ, మిల్లు సైరన్ మళ్లీ కూసేలోపు పాట తీసుకోవాలి. గొంతు బాగా రావాలంటే గదే సగం పని చేస్తుందని వచ్చినవాళ్లందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి. నా అంత చెవి ఉన్నవాడు జిల్లాలో లేడని నా పొగరు.

ఒకరోజు కొల్లేటి లంక గ్రామం నుంచి సువార్తమ్మగారు వచ్చారు. యాభై ఏళ్లుంటాయి. అక్కడి చర్చిలో పాటలెత్తేది ఆవిడే. సంఘం వేసే సీడీలో ఆవిడ సొంతంగా కట్టుకున్న పాట ఒకటి ఉండి తీరాలని పాస్టరుగారి పట్టుదల. పడవ దిగి, బస్సెక్కి, ఏలూరులో రైలు పట్టుకుని వచ్చారు. మైకుకి జానెడు దూరంలో నిలబెట్టాను. మిల్లు ఆగింది. ఆవిడ కళ్లు మూసుకున్నారు.

అలాంటి గొంతు ఆ గదిలో అంతకుముందు పలకలేదు, తర్వాతా పలకలేదు. రెండో చరణానికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాట అయ్యాక కంప్యూటరు వైపు చూశాను. గీతలు పడాల్సిన చోట ఖాళీ. నేను రికార్డు బటన్ నొక్కలేదు.

చెప్పేస్తే ఏమయ్యేది? నవ్వేసి మళ్లీ పాడేవారేమో. అంతేగా? కానీ అంత చెవి ఉన్నవాడు బటన్ మర్చిపోయాడంటే పరువేం కావాలి? నోటికొచ్చింది అనేశాను.

"శ్రుతి తగ్గిందండి. ఇంకొక్కసారి పాడతారా?"

"తగ్గిందాండీ?" ఆవిడ మొహం చిన్నబోయింది. "నాకు తెలీలేదండి బాబూ. ఏదీ, ఓసారి వినిపిస్తారా?"

"బాగోలేదని చెరిపేశానండి."

"ఆయ్," అన్నారు మెల్లగా. "మీకు తెలుస్తుంది లెండి."

మళ్లీ పాడారు. ఈసారి కళ్లు మూసుకోలేదు. ప్రతి పాదం చివరా నా మొహం చూశారు. నిజంగానే శ్రుతి తగ్గింది. మూడోసారి ఇంకా తగ్గింది. నాలుగోసారి గొంతు వణికింది. ఆ వణుకు నా చేతిపనేనని తెలుసు, తెలిసీ ఆవిడ వైపు కాకుండా గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. సైరన్ కూసింది. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, "మీకు శ్రమిచ్చానండి," అని తిరిగి నన్నే క్షమించమన్నారు. ఆ పాట సీడీలో వేరే అమ్మాయి పాడింది.

నాలుగేళ్ల తర్వాత ఆ సంఘం పాటలు వాళ్ల చర్చిలోనే రికార్డు చేయాల్సి వచ్చింది. సువార్తమ్మగారు చివరి వరుసలో నిలబడ్డారు. పెదవులు కదులుతున్నాయి. మైకు దగ్గరికి జరిపి, హెడ్‌ఫోన్స్‌లో ఆవిడ గొంతు కోసం వెతికాను. ఊపిరి వినపడింది. గొంతు లేదు.

"ఆవిడ పాడటం మానేసి చాన్నాళ్లయిందండి," అన్నారు పాస్టరుగారు. "తనకి శ్రుతి నిలవదంటారావిడ."

అప్పుడైనా చెప్పానా? వైర్లు చుట్టుకుని వచ్చేశాను. ఇప్పుడు ఆవిడ ఉన్నారో లేరో కూడా కనుక్కోలేదు. ఉన్నారంటే వెళ్లాలి కదా, అదీ నా భయం. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు ఆ గదిలో అనాల్సిన మాట ఎక్కడో ఒకచోట అనేస్తే కాస్త ఊపిరాడుతుందని రాస్తున్నాను.

మీ శ్రుతి తగ్గలేదండి సువార్తమ్మగారూ. నేను బటన్ నొక్కలేదు.