సభ రోజునే చచ్చే బ్యాటరీ

సిద్దిపేటలో నేను బండ్ల కరెంటు పని చేసేవాణ్ణి. లారీ అయినా ట్రాక్టరయినా, బ్యాటరీ మొదలు బల్బు దాకా ఎక్కడ ఏ తీగ మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవారు. అలాంటివాడి సొంత జీపు, తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజుల్లోనే, నా పరువు తీసి గోడకు మేకు కొట్టి తగిలించింది.

బండి డీజిల్‌ది, బాగా పాతది. ఎడ్లు అమ్మేశాక ఖాళీ అయిన కొట్టంలో, ముక్కు గోడకు ఆనించి నిలిపేవాణ్ణి. కొట్టం వీధికంటే పల్లంలో ఉంటుంది. డీజిల్ బండిని నాలుగు అడుగులు తోస్తే లేస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ మా కొట్టంలోంచి ఎగువకు తోయాలంటే పదిమంది కావాలి. సభ ఉన్న రోజు ఆ పదిమందీ సభ తొందరలోనే ఉంటారు.

మా వాడకట్టు కుర్రాళ్లు ముందురోజే వచ్చి చెప్పిపోయేవారు. "అన్నా, పొద్దుగాల్నే మైకు కట్టాలె. బండి తయారు పెట్టు." నేను సరేననేవాణ్ణి. ఉద్యమంలో నా వంతు ఆ జీపే. పొద్దున తాళం తిప్పి సెల్ఫు కొడితే 'టక్'మనేది. అంతే. ఇంజను ఒక్క చుట్టు కూడా తిరిగేది కాదు. ముందురోజు సాయంత్రం నిండుగా ఉన్న బ్యాటరీ తెల్లారేసరికి పీనుగులా పడి ఉండేది. కుర్రాళ్లు కాసేపు బానెట్‌లోకి తొంగిచూసి, మిరుదొడ్డి వైపు నుంచి వచ్చే ఇంకో జీపెక్కి పోయేవారు. పోతూ పోతూ ఒకడు తప్పకుండా అనేవాడు: "అన్నా, ఎవలన్న మంచి మెకానిక్‌కు చూపియ్యరాదు."

ఆ మాటకు పళ్లు నూరుకుని, ఆ రోజంతా ముంగిట్లో గోనెసంచి పరిచి ఆల్టర్నేటర్ విప్పుకొని కూర్చునేవాణ్ణి. ఇంజను తిరుగుతుంటే బ్యాటరీని నింపేది అదే కాబట్టి తప్పు దానిదే అయ్యుండాలి. బెల్టును బొటనవేలితో నొక్కి చూశాను, బిగువుగానే ఉంది. లోపలి కార్బన్లు అరిగాయనుకొని మార్చాను. ఛార్జింగును అదుపులో పెట్టే కటౌట్ కూడా మార్చాను. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతోంది, ఇంజను లేవగానే ఆరిపోతోంది. అంటే ఛార్జింగు బాగానే ఉందని ఆ లైటు చెబుతున్నట్టు. దాని మాట నేను నమ్మలేదు.

మా అమ్మను నేను అవ్వ అనే పిలిచేవాణ్ణి. అవ్వ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ నన్నే చూసేది. నడుమ నడుమ చాయ తెచ్చి ఇచ్చేది.

"ఏమాయె బిడ్డా, దొరికిందా రోగం?"

"దొర్కుతది తియ్యవ్వా."

"నిమ్మలంగ చూడు. తొందరేమున్నది."

ఇంత ఓపికగల తల్లి ఎవరికి ఉంటుందని నేను లోలోపల మురిసేవాణ్ణి.

చివరికి తప్పంతా మైకు సెట్టుదని తేల్చాను. అది కరెంటును కుండలకొద్దీ తాగేస్తోందని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాను. నాకు పని నేర్పిన ఉస్తాద్‌కు కూడా చెప్పాను. ఆయన దుకాణం బస్టాండు వెనక ఉండేది. పని సంగతి ఎలా ఉన్నా, కోపంలో మాత్రం నేను ముమ్మాటికీ ఆయన శిష్యుణ్ణే.

"అరే, దిమాగ్ ఉన్నదారా నీకు? మైకు పొద్దున గడుతవ్. బ్యాటరీ రాత్రే సస్తున్నది. తిండి తినకముందే కడుపునొప్పి లేస్తదా?"

బండిని ఆయన దగ్గరికి తోలుకుపోయాను. ఇంజను తిరుగుతుండగా మీటరు పెట్టాడు. పద్నాలుగు వోల్టులు చూపించింది. "డైనమో షేర్ లెక్క ఉన్నది" అన్నాడు, సింహంలా ఉందని. ఆల్టర్నేటర్‌ను ఆయన చివరిదాకా డైనమో అనే అన్నాడు. తర్వాత ఇంజను ఆపి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ నడుమ చిన్న బల్బు పెట్టాడు. బండిలో ఎక్కడైనా దొంగచాటుగా కరెంటు కారుతుంటే ఆ బల్బు వెలగాలి. వెలగలేదు.

"నా దుకాన్ల తాగుతలేదు, నీ ఇంట్ల తాగుతున్నది. ఏయే రోజు సస్తున్నదిరా?"

"సభ ఉన్న రోజే ఉస్తాద్."

"లగ్గం కిరాయి ఉన్న రోజు?"

"మంచిగనే లేస్తది."

ఆయన బల్బు తీసి జేబులో వేసుకున్నాడు. "బండికి క్యాలెండర్ చదువొస్తదా బేటా? సభ ముందు రాత్రి మైనస్ తీగ ఇప్పి పండు. పొద్దున సూడు."

హైదరాబాద్‌లో పెద్ద సభ పెట్టారు. అంతకుముందు అన్ని సభలకూ కలిపి పోనంత జనం దానికి పోతారని అందరూ అన్నారు. ఈసారి ఏమైనా సరే పోవాల్సిందేనని నేను పట్టుపట్టాను. ఉస్తాద్ చెప్పినట్టే తీగ విప్పి పడుకున్నాను. పొద్దున్నే కొట్టంలోకి పోయి, బానెట్ ఎత్తి తీగను బ్యాటరీకి తగిలించాను. తగిలించీ తగిలించగానే రెండు హెడ్‌లైట్లూ భగ్గున వెలిగి గోడంతా తెల్లబడింది. లోపలికి చూస్తే లైట్ల స్విచ్చు బయటికి గుంజి ఉంది. ఎవడో పగవాడు చేసిన పనేనని పిడికిలి బిగించి వెనక్కి తిరిగాను.

వాకిట్లో చల్లే పేడనీళ్ల బకెట్టుతో అవ్వ నిలబడి ఉంది. గోడ మీది వెలుతురు ఆమె మొహం మీద పడుతోంది. పారిపోలేదు. బకెట్టు కింద పెట్టింది.

"రాత్రి గుంజితె ఎలగలే. అప్పటికే సచ్చిందనుకున్న" అంది.

అందుకే తెల్లారకముందే వచ్చి స్విచ్చు లోపలికి నొక్కే పని కూడా ఈసారి పెట్టుకోలేదట.

నాకు ఒళ్లు మండిపోయింది. "కార్బన్లు మార్చినప్పుడన్న చెప్పొద్దా అవ్వా? కటౌట్ మార్చినప్పుడన్న చెప్పొద్దా?"

"ఎట్ల చెప్తరా?"

"నీకు తెలంగాణ వద్దా?"

"ఎందుకు వద్దు! బతుకమ్మ కాడ పాట ఎత్తుకునేదే నేను. తెలంగాణ రావాలె. నువ్వు గూడ ఇంటికి రావాలె."

అప్పుడు చెప్పింది. అరవై తొమ్మిది ఉద్యమం నాటికి ఆమె కొత్త కోడలు. పట్నంలో చదువుకునే తమ్ముడు సెలవుకు వచ్చి, తిరిగి పోతూ అక్క ఇంట్లో ఆగాడు. ఊరేగింపు ఉందని చెబితే, ఆమే సద్ది కట్టి బస్సు ఎక్కించింది. పొద్దుగూకంగ వస్త అక్కా అన్నాడు. కాల్పులు జరిగాయని తెల్లారి తెలిసింది. పీనుగు కూడా ఇంటికి రాలేదు. మా ఇంట్లో మేనమామ పేరు ఎందుకు ఎత్తరో నాకు ఆ రోజే తెలిసింది.

"నిన్ను వద్దనెటందుకు నాకు నోరు రాలే. గందుకే లైటు పెట్టిన" అంది. "ఇగ నిన్ను ఆప. పో."

బ్యాటరీ నిండుగా ఉంది. పైన వీధిలో కుర్రాళ్లు మైకు భుజాన పెట్టుకొని పిలుస్తున్నారు. నేను స్విచ్చు లోపలికి నొక్కి, మైనస్ తీగ మళ్లీ విప్పేశాను. వీధిలోకి వచ్చి, "ఆల్టర్నేటర్ పోయిందిరా, మీరు పోన్రి" అన్నాను. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "అన్నా, నువ్వు ఇగ ఈ పని ఇడ్సిపెట్టి కిరాణం పెట్టుకో" అన్నాడు అందులో ఒకడు. నేను నవ్వాను.

ఆ రోజు విప్పడానికి నాకేమీ లేదు. కుకునూరుపల్లి దగ్గర బండ్లు ఆపుతున్నారని ఒకరు, పట్నంలో బాష్పవాయువు వదిలారని ఇంకొకరు చెప్పిపోయారు. అవ్వ ముద్ద ముట్టలేదు. గడప మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. చిక్కుడుకాయలు కూడా తుంచలేదు.

చీకటి పడుతుండగా మిరుదొడ్డి జీపు వచ్చి వీధి మొదట్లో ఆగింది. కుర్రాళ్ల గొంతులు పోయాయి, కళ్లు ఉబ్బి ఎర్రబడ్డాయి, ఒకడికి చెప్పులు లేవు. కిరాణం పెట్టుకోమన్నవాడి అంగీ భుజం దగ్గర చిరిగింది. అవ్వ ఎదురుపోయి ఒక్కొక్కణ్ణీ ముట్టుకుంది. "వచ్చినవా కొడుకా? నువ్వు వచ్చినవా?" చివరివాడు దిగాక కూడా ఖాళీ బండిలోకి తొంగిచూసింది.

నా దగ్గరికి వచ్చి, "అందరు వచ్చిన్రు బిడ్డా. నువ్వు పోయినా తిరిగొచ్చేటోనివి" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఊరేగింపుకు పోయినవాళ్లు ఇంటికి రావడం ఆమె ఎదురుపోయి చూడటం అదే మొదలు.

తర్వాతి సభకు ముందు రాత్రి నేను తీగ విప్పలేదు. పొద్దున తాళం తిప్పి సెల్ఫు కొడితే ఒక్క దెబ్బకు ఇంజను లేచింది. కుర్రాళ్లు నోళ్లు తెరిచారు. మైకు కట్టుకొని బయల్దేరాం. అద్దంలో చూస్తే అవ్వ బండి వెనకాలే నడిచొస్తోంది. వీధి మలుపు దగ్గర ఆపాను. ఆమె చెయ్యి లోపలికి పెట్టి నా తల నిమిరింది.

"నడువు, ఆల్శమైతది" అంది.