యంత్రం అడిగిన పేరు

2025 నవంబరు 18, మంగళవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, లీడ్స్‌లోని మా ఇంటి ముందుగదిలో, మా అమ్మ కంప్యూటర్‌తో మొదటిసారి మాట్లాడింది. నేను ఆఫీసుకు బయలుదేరుతూ గుమ్మం దగ్గర కోటు గుండీలు పెట్టుకుంటున్నాను. ఈరోజు ఎండ కాస్తుందా అని, నేను నేర్పిన రెండు ఇంగ్లీషు ముక్కల్లో అమ్మ అడిగింది. కాయదని, వాన పడుతుందని అది జవాబిచ్చింది.

"ఆ సంగతి నా మోకాళ్ళు రాత్రే చెప్పినయ్," అన్నది అమ్మ.

అమ్మ సందర్శక వీసా మీద ఆరు నెలలకు వచ్చింది. ఆమె చూపు నడిమధ్యలో మసక కమ్మింది. ఎదుటివారి ముఖం తెలియాలంటే తల కొంచెం పక్కకు తిప్పాలి. అక్షరాలు, మీటలు అసలే కనపడవు. అందుకే కంప్యూటర్‌లో మాట విని పనిచేసే వాయిస్ అసిస్టెంటును సిద్ధం చేశాను. వాతావరణం, టైము, విష్ణు సహస్రనామం ఆమెకు వారంలో పట్టుబడ్డాయి. అయితే ఆమె కోరుకున్నవి అవి కావు. ఆమెకు నాన్నగారి గొంతు కావాలి.

నాన్నగారు దర్జీ. రాయడం ఆయనకు అంతగా రాదు. నేను ఇక్కడ ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో కొట్లో మిషను తొక్కుతూనే ఫోనులో మాట్లాడి, ఆ మాటలు పంపేవారు. ఎవరిదో జాకెట్టు చెయ్యి పొట్టి అయిందని, కరెంటు పోయిందని, అన్నం తిన్నావా అని. మా ఇంటి పేరు గలవారిలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఈరోజు ఏ పాఠం చెప్పారని ఆయన అడిగేవారు; మర్నాడు, నిన్నటిది అర్థమైందా అని మళ్ళీ అడిగేవారు. రెండేళ్ళ క్రితం ఆయన పోయాక ఆ మాటలన్నీ కంప్యూటర్‌లో ఒక ఫోల్డరులో చేర్చాను. దానికి, నా డిగ్రీ పట్టాలో ఉన్నట్టుగానే, ఆయన పూర్తి పేరు పెట్టాను. అది ఆయనకు నేను చేయగల మర్యాద అనుకున్నాను.

నేను పెట్టిస్తే అమ్మ వినేది. కానీ నేను పక్కన ఉన్నంతసేపూ ముఖంలో ఏమీ కనిపించనిచ్చేది కాదు. అయిపోగానే, "సరే, ఇక నీ పని చూసుకో," అనేది. ఇల్లు ఖాళీగా ఉన్న వేళ, ఎవరినీ అడగకుండా, తనంతట తాను వినాలన్నదే ఆమె కోరిక. అందుకు ఆ పేరు పలకాలి. కాపురం చేసిన నలభై ఏళ్ళలో అమ్మ ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. ఓటర్ల జాబితా వారు వచ్చి ఇంటాయన పేరేమిటని అడిగితే, కొట్టు బోర్డు వైపు చెయ్యి చూపించేది.

తరువాతి వారం ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి తిరిగి వచ్చేసరికి అమ్మ కంప్యూటర్ ముందు నిటారుగా కూర్చుని ఉంది.

"ఏం చెప్పినా లేదంటందే ఇది."

"నువ్వేం చెప్పావమ్మా?"

"మా అమ్మాయి వాళ్ళ నాన్నవి పెట్టమన్నా."

నవ్వు ఆపుకున్నాను. "దానికి నేనెవరో తెలియదమ్మా. పేరు చెప్పాలి."

"నీకేం, మీ ఆయన్ని పేరు పెట్టి కేకేస్తావ్. మావి అట్టాంటి నోళ్ళు కాదు."

"పోనీ, 'నాన్న' అని మార్చనా?"

"ఆయన నాకు నాన్నెట్టా అవుతారే?"

"టైలర్?"

"ఊరోళ్ళు పిలిచినట్టు నేను పిలవనా? ఊరుకో. ఆయన పేరు ఆయనకుండనీ, మార్చబాక." ఆపైన మెల్లగా అన్నది: "ఉన్నప్పుడే పలకలేదు. ఇప్పుడు పలికితే ఎవరు పలుకుతారు."

నేను బియ్యం కడగడానికి లేచాను.

శుక్రవారాలు నేను ఇంటి నుంచే పని చేస్తాను. మేడమీద చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటానని అమ్మకు తెలుసు. ఆ శుక్రవారం మధ్యాహ్నం టీ పెట్టుకుందామని వాటిని తీసి మెట్లు దిగుతుండగా, ముందుగదిలో అమ్మ గొంతు వినిపించింది. "ప్లే" అని, ఆగి, నాన్నగారి పేరు పలికింది. పలికి, వెంటనే "గారు" అని చేర్చింది.

అలాంటిదేదీ దొరకలేదని యంత్రం ఇంగ్లీషులో చెప్పింది.

అమ్మ ఈసారి కొంచెం గట్టిగా పలికింది. మళ్ళీ "గారు" అన్నది. మళ్ళీ అదే జవాబు. ఆ ఒక్క మాట వదిలేస్తే చాలునని లోపలికి వెళ్ళి చెప్పవచ్చు. నేను మెట్టు మీదే నిలబడిపోయాను. ఆ పేరు వరకు రావడానికే ఆమె ఎంత దూరం నడిచిందో నాకు తెలుసు. ఆ "గారు" కూడా తీసెయ్యమని ఏ నోటితో చెప్పను?

చప్పుడు చేయకుండా పైకి వెళ్ళాను. నా లాప్‌టాప్‌లోనూ అవే ఫోల్డర్లు ఉంటాయి; ఇక్కడ మారిస్తే కింద కంప్యూటర్‌లోనూ మారుతుంది. ఫోల్డరుకు పెట్టిన నాన్నగారి పేరు చివర, ఇంగ్లీషు అక్షరాల్లో, "గారు" చేర్చాను. మార్చబాక అన్న మాట గుర్తుకు వచ్చింది. ఇది మార్చడం కాదని అనుకున్నాను. తలుపు వారగా తెరిచి ఎదురుచూశాను.

చాలాసేపు ఏ శబ్దమూ లేదు. ఇక మానుకున్నదనుకున్నాను. అప్పుడు అమ్మ మరొకసారి అడిగింది.

యంత్రం నాన్నగారి పేరు తన తెల్లవాళ్ళ యాసలో పలికింది. "గారు"ను కొంచెం సాగదీసి పలికింది. ఆ వెనుకే మిషను తొక్కుడు చప్పుడు మొదలైంది. నేను తలుపు మూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పని చేసుకున్నాను.

భోజనాల దగ్గర అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మజ్జిగ కలుపుకుంటూ, నా వైపు తల పక్కకు తిప్పి అన్నది: "ఆ పెట్టెకి ఇయ్యాల్టికి మర్యాద తెలిసొచ్చిందే."

"వింటూ వింటూ నేర్చుకుంటుందమ్మా," అన్నాను.

"నేర్పేవాళ్ళుంటే నేర్చుకోదూ," అని, ఇంకేమీ అడగలేదు.

ఆ తరువాత నేను అమ్మకు నాన్నగారి మాటలు పెట్టి ఇవ్వవలసిన అవసరం రాలేదు. ఆమే పెట్టుకుంటుంది. నేను ఇంట్లో ఉన్నప్పుడు కూడా, నా ఎదుటే, ఆ పేరు పలుకుతుంది.