స్పేస్ బార్ కింది అక్షింత

దసరాకి కుట్టుమిషనుతో పాటు కంప్యూటర్‌కీ బొట్టు పెట్టిన రోజులు గుర్తున్నాయా? టీవీకి తగిలించుకునే మా కంప్యూటర్ మీద అమ్మ అక్షింతలు కూడా వేసింది. మర్నాడు స్పేస్ బార్ కదల్లేదు.

"నీ అక్షింతే ఇరుక్కుంది. ఇంక దీన్ని ముట్టుకోకు" అని నాన్నగారు కేకలేశారు. తను పోయేదాకా అమ్మ దాన్ని ముట్టుకోలేదు.

పాత కంప్యూటర్లు బాగుచేసుకోవడం ఇప్పుడు నా సరదా. నిన్న అమలాపురంలో నాన్నగారి దగ్గరికి వెళ్లి దాన్నే విప్పాను. స్పేస్ బార్ కింద ఉన్నది వక్కపలుకు. అమ్మకి వక్క అలవాటే లేదు. నాన్నగారి బుగ్గన మాత్రం ఇప్పటికీ ఉంటుంది.

పక్కనే కూర్చున్న నాన్నగారికి చూపు ఆనడం లేదు. "అక్షింతేనా?" అన్నారు.

"ఆయ్, అక్షింతేనండీ."

"అప్పుడే చెప్పేను కదా!" అంటూ నవ్వేరు.

పోయాక కూడా అమ్మే మాట పడింది.