పెద్దల్లుడి పొరపాట్లు

పెద్దల్లుడికున్న పిచ్చి ఒక్కటే: తన తప్పులకు తానే టముకు వేసుకోవడం. పియానోలు శ్రుతి చేసేవాళ్ళంతా ఫోన్లలో పెట్టుకున్న గ్రూపులో, తెల్లారేసరికి ఆయన తప్పొకటి వేడివేడిగా సిద్ధంగా ఉండేది. తీగ బిగించబోయి తెంపాననీ, ఎండ పడే కిటికీ పక్కన పియానో పెట్టించి శ్రుతి నిలవక తల పట్టుకున్నాననీ, పనిముట్టు పియానో కడుపులోనే మరిచి ఇల్లంతా వెతికాననీ రాసేవాడు. ఎక్కడెక్కడి పనివాళ్ళో ఎగబడి నవ్వేవారు, సలహాలిచ్చేవారు. ముద్దుగా 'పొరపాట్ల బాబాయి' అనేవారు.

చిన్నల్లుడిదీ అదే పని. అక్కచెల్లెళ్ళను చేసుకున్న ఇద్దరూ ఒకే వృత్తిలో ఉండటం మామగారికి ముచ్చటే గాని, చిన్నల్లుడికి మాత్రం కంట్లో నలుసు. అతను గ్రూపులో పెట్టేవన్నీ గెలుపులే. తళతళలాడే పియానో ముందు చేతులు కట్టుకుని దిగిన ఫొటో పెడితే మెచ్చుకోలుగా ఒక్క బొటనవేలి గుర్తు వచ్చేది. అదీ పెద్దల్లుడిదే.

పైగా ఇంట్లో పోరు. "మా బావ మళ్ళీ తీగ తెంపుకున్నాట్ట, చూశారా? ఎంత బాగా రాశాడో," అని భార్య పడీపడీ నవ్వేది.

"తెంపడం కూడా విద్యేనా? నేను తెంపనే తెంపను."

"అందుకే మీ గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు."

ఇంతలో సంగీత పాఠశాల పియానో అతని పరువు మీదికొచ్చింది. శ్రుతి చేసి ఇంటికొచ్చి చెయ్యి కడుక్కునేలోగా జారిపోయేది. ఇంకోసారి జారితే వేరే మనిషిని చూసుకుంటానని పెద్ద టీచరమ్మ తేల్చి చెప్పేసింది. గ్రూపులో అడగడం నామోషీ. పెద్దల్లుణ్ణి అడగడం కన్నా పియానో కింద తల పెట్టడం మేలనుకున్నాడు.

మామగారింట్లో భోజనాల దగ్గర పెద్దల్లుడే కదిపాడు, స్కూలు పియానో నిలుస్తోందా అని. బ్రహ్మాండమని కోశాడు చిన్నల్లుడు. తను శ్రుతి చేస్తుంటే పక్కగదిలో పసిబిడ్డ కూడా లేవదంటూ, తన చెయ్యి ఎంత సుతారమో బల్ల మీద వేలితో నొక్కి చూపించాడు. పెద్దల్లుడు ఆ వేలికేసి చూసి, మంచినీళ్ళు తాగాడు.

మర్నాడు గ్రూపులో పెద్దల్లుడి పోస్టు: "నేను పియానో మెట్లు మెత్తగా నొక్కుతూ శ్రుతి చేస్తాను. పిల్లలొచ్చి బాదగానే జారిపోతోంది. నా అంత తెలివితక్కువవాడు మీలో ఉన్నాడా?"

చిన్నల్లుడు పగలబడి నవ్వాడు. జవాబులు చదివేకొద్దీ నవ్వు ఇంకిపోయింది. గట్టిగా కొడుతూ బిగించాలి బాబాయ్, అప్పుడే తీగ పొడవునా బిగువు సర్దుకుంటుందని అందరిదీ ఒకటే మాట. కిక్కురుమనకుండా బడికెళ్ళి, టీచర్లు చెవులు మూసుకునేలా మెట్లు బాది శ్రుతి చేశాడు. ఈసారి పియానో కొండలా నిలబడింది.

అప్పుడు తట్టింది. తెగిన తీగ ఎవడిదో, ఎండ కిటికీ ఎవడిదో. అడగడానికి సిగ్గుపడ్డవాళ్ళ తప్పులన్నీ ఈ మహానుభావుడు తన నెత్తినేసుకుని అడిగిపెడుతున్నాడు.

గుండె కరిగింది. కరిగిన చోటే మళ్ళీ కుళ్ళు మొలిచింది. తప్పు తనదైతే ముద్దుమాటలు ఆయనకా? ఉండబట్టలేక గ్రూపులో రాసేశాడు: "ఆ మెత్తగా నొక్కింది నేనే."

ఒక్కరూ నమ్మలేదు. బాబాయి తప్పు కొట్టేసి పేరు తెచ్చుకుందామనా అని ఏకిపారేశారు. భార్య కూడా మొహం తిప్పుకుంది. చివరికి పెద్దల్లుడే ఫోను చేశాడు.

"ఎందుకొచ్చిన గొడవ తమ్ముడూ, మొయ్యడానికి నేనున్నాగా."

"నా తప్పు నాకిచ్చెయ్యండి అన్నయ్యా."

"ఇదిప్పుడు నీ పేరు మీదికి రాదు. ఇంకొకాయన నిన్ననే నాకో తప్పు పంపాడు. అది నీకిస్తాలే, నువ్వు రాసుకో."

చిన్నల్లుడు కాసేపు బెట్టు చేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత పెద్దదండీ?"